నిమ్మళం పట్టీ

నాకు కోపం వస్తే ఎదుట ఎవరున్నారో చూడనని మా అమ్మ అంటుంది. నిజమే. కాకపోతే ఈ కథలో అందరికంటే ముందు తిట్లు తినవలసినదాన్ని నేనే. ఆ సంగతి మొదటే ఒప్పేసుకుంటే మిగతావాళ్ల మీద నోరు చేసుకోవడానికి నాకు హక్కుంటుంది.

మాది గోదావరి ఒడ్డున బొగ్గు గనుల ఊరు. మా నాన్న ఓదెలు ఏడో నంబరు గనిలో టింబర్ మేస్త్రి. బొగ్గు తీసేసిన చోట పైనున్న రాతి కప్పు కూలకుండా కింద దిమ్మెలు నిలబెట్టే పని. ఇరవై రెండేళ్లు చేశాడు. ఆరేళ్ల కిందట ఒక ఉదయం షిఫ్టులో ఆ కప్పు కూలి పదహారు మంది లోపల చిక్కుకుపోయారు. ముప్పై ఒక్క గంటలు తవ్వి బయటికి తీశారు. పదహారు మందీ బతికే వచ్చారు. పేపర్లో మృత్యుంజయులు అని వేశారు. గనిని లీజుకు తీసుకున్న కంపెనీ తలా ఒక శాలువా కప్పి, పైన కూర్చొని చేసే పనులు ఇచ్చింది. మా నాన్నను లాంప్ రూంలో టోపీ లైట్లు ఇచ్చి పుచ్చుకునే పనిలో పెట్టారు.

ఆ మృత్యుంజయుల్లో నలుగురు ఐదేళ్లు తిరక్కుండా ఇంట్లో మంచం మీదే పోయారు. నలుగురికీ గుండెపోటు. అందులో ఒకాయనకు నలభై ఒక్క ఏళ్లు.

బీడీలు తాగితే చచ్చిపోరా అన్నాడు కంపెనీ డాక్టరు. నలుగురిలో ఇద్దరు బీడీ ముట్టని మనుషులు. అసలు సంగతి తెలుసుకోవాలంటే ఆయన మా ఇంటికొచ్చి ఒక్క పూట కూర్చుంటే సరిపోయేది. ఒకప్పుడు గనిలో రెండు కిలోమీటర్ల ఏటవాలు దిగి, మళ్లీ ఎక్కి వచ్చిన మా నాన్న, డాబా మెట్లు నాలుగు ఎక్కి అక్కడే చతికిలబడేవాడు. ఆయాసం కాదు. గుండె దడదడమన్నదంటే చాలు, మా నాన్న మళ్లీ ఆ రాళ్ల కింద ఉన్నట్టే. అందుకని గుండె దడదడమనే పని ఏదీ చేయడం మానేశాడు. నడక మానేశాడు, సైకిలు మానేశాడు, నవ్వడం కూడా తగ్గించాడు. కుర్చీలో కూర్చొని కూర్చొని బీపీ నూట డెబ్బైకి ఎక్కింది. మిగిలిన పన్నెండు మందిదీ ఇదే కథ. వాళ్లను గని చంపలేదు గానీ, గని భయం కుర్చీలో కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా చంపుతోంది.

ఇదంతా చూసింది డాక్టర్ నళిని. గుండె మీద పరిశోధన చేసే మనిషి, హైదరాబాదు నుంచి వచ్చింది. మూతబడ్డ కంపెనీ బడిని అడిగి తీసుకొని, అందులో ఆరు ట్రెడ్‌మిల్లులు పెట్టించింది. వ్యాయామ చికిత్సలో కోర్సు చేసి, గని భాష తెలిసిన మనిషి కావాలంటే నేను దొరికాను.

ఆవిడ కనిపెట్టిన వస్తువు పేరు నిమ్మళం. ఆ పేరు పెట్టింది కూడా నేనే. రెండు వేళ్ల వెడల్పు పట్టీ. ఛాతీకి చుట్టుకొని, దాని తీగను మెడకు ఎడమ పక్కన అంటించుకోవాలి. గుండెను నెమ్మదింపజేసే నరం అక్కడుంది. పరుగు వల్ల గుండె వేగం మెట్లెక్కినట్టు పెరుగుతుంది, భయం వల్ల ఒక్క దూకు దూకుతుంది. పట్టీ ఆ తేడాను పసిగట్టి, దూకు మొదలైన అర సెకనులో నరాన్ని తట్టి అక్కడే ఆపుతుంది. పరుగును మాత్రం ముట్టుకోదు.

"కొన్నాళ్లకు గుండెకే అలవాటైపోతుంది. అప్పుడు పట్టీ తీసేసినా ఫరవాలేదు," అని మొదటిరోజు డాక్టర్ నళిని వాళ్లందరికీ చెప్పింది.

మా నాన్న జోడీ బానయ్య మామ ముందు బెంచీలో కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే రోజు గనిలో చేరారు, ఒకే రాయి వెనక ముప్పై ఒక్క గంటలు ఉన్నారు.

"అంటే మా గుండెకు సదువు చెప్తనంటరు," అన్నాడు. "మాకే అబ్బలే మేడం, దానికబ్బుతదా?"

"మామా, నువ్వు ముందు ఆ లుంగీ ఇప్పి ప్యాంటు ఏసుకొని రా. లుంగీ మీద ఉరుకుతె మిషన్ల చిక్కుతవు," అన్నాను.

మా నాన్న ట్రెడ్‌మిల్లు ఎక్కాడు. గుండె నూట పది దాటగానే కళ్లు మారిపోయాయి. రెండు చేతులతో కడ్డీ పట్టుకొని నోరు తెరిచాడు. ఆ ముఖం నాకు తెలుసు. మిషన్ ఆపబోయాను. తెర మీద అంకె ఎగరబోయి, ఎవరో భుజం పట్టి కూర్చోబెట్టినట్టు కిందికి దిగింది. నాన్న ఆశ్చర్యంగా నా వైపు చూశాడు.

"పోయింది బిడ్డా. అచ్చినట్టే అచ్చి పోయింది."

ఆ రోజు పదకొండు నిమిషాలు పరిగెత్తాడు. ఇంటికెళ్లి చెబితే అమ్మ పొయ్యి మీద కూర మాడబెట్టింది.

నాలుగు వారాలు వట్టి పరుగే. రోజూ పొద్దున ఆరింటికి పన్నెండు మంది వచ్చి, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ పరిగెత్తేవాళ్లు. నాన్న బీపీ నూట నలభై ఎనిమిదికి దిగింది. కరకట్ట మీద ఒక్కడే నడిచి వస్తున్నాడు. సంతకు వెళ్లి చేపలు తెస్తున్నాడు. గుండె గట్టిగా కొట్టుకున్న ప్రతిసారీ గని కూలదని ఆ శరీరానికి తెలిసి వస్తోంది. డాక్టర్ నళిని మొదట అనుకున్నది అంతే. ఏడాది పాటు పరుగు, మెల్లమెల్లగా పట్టీ వాడకం తగ్గించడం. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ రాసే పని నాకుండేది కాదు. కోపం మీద కోపం వచ్చేది ఇక్కడే.

బడి భవనం మొత్తం పన్నెండు వారాలకే ఇస్తామని కంపెనీ ఉత్తరం రాసింది. తర్వాత అందులో పైపులు పెట్టుకుంటారట. మనుషుల గుండెల కంటే పైపులకు నీడ ముఖ్యమైంది. ఉత్తరం చదివి డాక్టర్ నళిని నన్ను పిలిచింది.

"ఏడాది పని రెండు నెలల్లో అవ్వాలంటే, వాళ్లు దేనికి భయపడతారో దాన్ని పరుగులోనే వినిపించాలి స్వరూపా. కప్పు కూలిన శబ్దం ఎక్కడైనా దొరుకుతుందా?"

అప్పుడు నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

"కూలిన చప్పుడుకు గని మనిషి భయపడడు మేడం. కూలిపోయాక ఇంకేముంది భయపడటానికి. కూలబోయే ముందు కప్పు ఒక చప్పుడు చేస్తుంది. దానికి భయపడతాడు."

గనిలో దాన్ని కప్పు పలకడం అంటారు. ముందు సన్నగా టిక్కుమంటుంది. తర్వాత దిమ్మె నెత్తిన కిర్రుమంటుంది. ఆపైన చిన్న చిన్న పెళ్లలు రాలిన గలగల. అది వినబడ్డాక కొన్నిసార్లు అర నిమిషం ఉంటుంది, కొన్నిసార్లు మూడు సెకన్లే. అందుకే లోపల ఒక పద్ధతుంది. కప్పు పలికితే ఎవరూ అరవరు, ఎవరినీ అడగరు. ఒకడు ఉరికితే పక్కవాడు వాడి కాళ్లు చూసి ఉరుకుతాడు. ఎందుకు ఉరికావని బయటికి వచ్చాకే మాట్లాడుకుంటారు. ఇది నాకు ఎలా తెలుసంటే, చిన్నప్పటి నుంచి మా ఇంట్లో అన్నాల దగ్గర మాట్లాడుకునే మాటలే ఇవి. హైదరాబాదు డాక్టరుకు ఈ ముక్క చస్తే తట్టేది కాదు. గని మనిషి కూతురిని కాబట్టి నాకు తట్టింది.

కప్పులో అమర్చిన మిషన్లు రికార్డు చేసిన చప్పుడును కంపెనీ ఆఫీసు నుంచి నేనే తెచ్చాను. అది సరైనదో కాదో చూద్దామని బానయ్య మామను పిలిచి, ముందు చెప్పకుండా ఫోనులో పెట్టాను. టిక్కుమనగానే టీ గ్లాసు వదిలేశాడు. కిర్రుమనేసరికి గదిలో లేడు. చెప్పుల్లేకుండా రోడ్డు దాటి, కరెంటు స్తంభం దగ్గర నిలబడి వగరుస్తున్నాడు. మణికట్టు పట్టి లెక్కిస్తే గుండె వేగం నూట అరవై ఎనిమిది.

"దొరికింది మేడం," అన్నాను నేను. మామ ఇంకా స్తంభానికి ఆనుకొని ఉంటే, నేను సంతోషపడి కాగితం మీద అంకె రాసుకున్నాను.

తర్వాత ఎనిమిది వారాలు అదే పని. ట్రెడ్‌మిల్లు మీద పరుగు, చెవిలో కప్పు పలుకు, మెడ దగ్గర పట్టీ. రోజుకు నలభై సార్లు. మొదట్లో కొందరు మిషన్ మీంచి దూకేవాళ్లు. మొదటి నుంచి లెక్కేస్తే ఆరో వారానికి దూకడం మానేశారు. పదో వారానికి పట్టీ పని చేయాల్సిన అవసరమే రాలేదు, గుండెలు ఊరకే ఉన్నాయి. చివరి రోజు మా నాన్న కప్పు పలుకుతుంటే నూట ముప్పై రెండు మీద నిలకడగా పరిగెత్తుతూ, పక్క మిషన్ మీదున్న బానయ్య మామ బట్టతల మీద జోకులేశాడు. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ వారమే మా క్వార్టర్‌లో ఇంకో సంగతి జరిగింది. పాతబడ్డ కంపెనీ ఇల్లు, స్లాబు పెచ్చులూడుతోంది. నాన్న మంచం మీద కూర్చొని చాయ్ తాగుతున్నాడు. పైన టిక్కుమంది, కిర్రుమంది. అమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చి ఆయన చెయ్యి పట్టి గుంజింది. చేటంత పెచ్చు దిండు మీద పడింది.

"ఇనవడలేదా నీకు?" అంది అమ్మ.

"ఇనవడ్డది," అన్నాడు నాన్న తాపీగా, గ్లాసులో పడ్డ సున్నం తీసి పారేస్తూ.

అమ్మ నావైపు చూసింది. "మీ అయ్యకు ఎంత ధైర్యమచ్చిందో సూడు," అని మురిసిపోయింది. నేను నోటు పుస్తకంలో రాశాను: ఇంటి వాతావరణంలో కూడా భయ స్పందన లేదు. కింద ఎర్ర సిరాతో గీత గీసుకున్నాను, మంచి ఫలితమని.

డాక్టర్ నళిని పన్నెండు మందికీ పత్రాలు తయారుచేసింది. బీపీ ఇంత, రక్తనాళాల బిగువు ఇంత, పరుగుకు తట్టుకునే శక్తి ఇంత, భయపెట్టే శబ్దాలకు గుండె స్పందన శూన్యం. శిక్షకురాలిగా నేను సంతకం పెట్టాను. గుండె బాగుందని రాసిన ఆ కాగితం మీద కంపెనీ మెడికల్ బోర్డు ఇంకో ముద్ర కొట్టింది: భూగర్భ పనికి ఫిట్.

అనుభవమున్న టింబర్ మేస్త్రీలు దొరక్క కంపెనీ అల్లాడుతోందన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. పైపులకు నీడ కావాలన్న మాటేమో గానీ, బడి మాత్రం ఈనాటికీ ఖాళీగానే ఉంది. ఆ ఉత్తరం రాసినవాడెవడో నాకు ఎదురుపడితే అడగాల్సినవి చాలా ఉన్నాయి.

లాంప్ రూం నుంచి మళ్లీ లోపలి పనికి ఆర్డరు వచ్చిన రోజు అమ్మ అన్నం వండలేదు.

"పోనని చెప్పరాదు? ఆరేండ్లు పైన్నే చేసినవు. గిప్పుడు మల్ల ఆ బొందల దిగుడేంది?"

"ఏమని చెప్పాలె?" అన్నాడు నాన్న. "భయమైతాందని చెప్పాల్నా? నాకైతలేదాయె. బానయ్య గూడ అస్తాండు."

భయపడే మనిషైతే కాళ్లు పట్టుకొనైనా తప్పించుకునేవాడు. ఆయనకు తప్పించుకోవాలని అనిపించనే లేదు. నేను మెడికల్ బోర్డుకు వెళ్లి, మేము రాసింది గుండె సంగతి, గని సంగతి కాదని చెప్పాను. గుండె బాగున్నవాడికి గనిలో ఏమవుతుందమ్మా అని బోర్డు పెద్దమనిషి నవ్వి పంపించాడు. మావాళ్లు లోపల ఉన్నంతసేపూ మెడ తీగ లేని, వట్టి గుండె వేగం రాసే పట్టీ కట్టుకోవాలని షరతు కూడా పెట్టారు. మా మంచి కోసమేనట.

వాళ్లు దిగిన పంతొమ్మిదో రోజు కప్పు కూలింది. బానయ్య మామ పోయాడు. మా నాన్నకు కుడి భుజం విరిగింది.

ఆస్పత్రిలో మూడో రోజు అమ్మ ముద్దలు తినిపిస్తుంటే నాన్న ఆపి, తనంతట తానే చెప్పాడు.

"పొద్దుగాల ఎనిమిదిన్నర అయితాంది. మూడో దిమ్మె నిలవెడ్తున్నం. కప్పు పలికింది. నేనిన్న. బానయ్య ఇన్నడు. నేను బానయ్య మొకం సూసిన, బానయ్య నా మొకం సూసిండు. ఇద్దరం నిమ్మళంగ ఉన్నం. ఆయన ఉరుకుతలేడు గదా, ఏంగాదులే అనుకున్న. ఆయన గూడ నన్ను సూసి గట్లనే అనుకున్నడేమో. ఇనుప సబ్బలి కోసం రెండడుగులు ఎన్కకు అచ్చిన. గంతే."

అమ్మ గిన్నె కింద పెట్టింది. నాతో మాట్లాడింది గానీ నా ముఖం చూడలేదు.

"గుండెను మంచిగ చేసినమంటిరి. మంచిగ చేసుడంటే మనిషిని రాయి కింద నిలవెట్టుడా?"

బానయ్య మామ భార్య పోసక్క అత్త దగ్గరికి వెళ్లే ధైర్యం నాకు వారం దాకా రాలేదు. వెళ్లాక ఆమె ఒక్క మాటే అడిగింది. ఆ రోజు కరెంటు స్తంభం దాకా ఉరికిన మనిషి, ఈ రోజు ఎందుకు ఉరకలేదని. నేను చెప్పలేక లేచి వచ్చేశాను.

ఇక కంపెనీవాళ్ల తెలివి వినండి. ఆ రోజు ఇద్దరి పట్టీలూ రాసిన లెక్క వాళ్ల చేతిలో ఉంది. కూలిన క్షణం దాకా నాన్న గుండె డెబ్బై ఆరు, బానయ్య మామది డెబ్బై తొమ్మిది. ఇరవై ఏళ్ల అనుభవమున్న ఇద్దరు మేస్త్రీల గుండెలు కొంచెం కూడా చలించలేదంటే, కప్పు ముందుగా ఏ హెచ్చరికా ఇవ్వలేదని అర్థమట. ఆ చోట కప్పులో మిషన్లు అమర్చనేలేదు కాబట్టి, కాదనడానికి ఇంకో లెక్క లేదు. హెచ్చరిక లేదు కాబట్టి ఎవరి తప్పూ లేదు. ఎవరి తప్పూ లేదు కాబట్టి, విచారణ ముగిశాక సోమవారం నుంచి ఆ చోట పని మొదలు. ఫిట్ అయిన మిగతా పదిమందీ దిగాలి, భుజం అతుక్కోగానే మా నాన్న కూడా.

కంపెనీ రాసిన ఆ కాగితం చదివి నేను తిన్నగా డాక్టర్ నళిని దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముందున్న కంప్యూటర్లో మావాళ్లు పన్నెండు మంది గుండె గీతలూ ఉన్నాయి.

"విచారణలో చెప్పండి మేడం. కప్పు పలికింది, గుండెలే పలకలేదని. మనం వాటి నోరు నొక్కేశామని చెప్పండి."

"నిరూపించడానికి నా దగ్గర ఏముంది? ఇద్దరి లెక్కలు, అందులో ఒకరు లేరు," అంది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్రపోయినట్టు లేదు. "ఆరేళ్లలో నలుగురి గుండెలు ఆగాయి స్వరూపా. ఈ పన్నెండు మందిలో ఒక్క గుండె కూడా ఆగలేదు. వరదల్లో మునిగి బయటపడ్డవాళ్లు, సరిహద్దు నుంచి వచ్చిన సైనికులు, ఎంతమంది దీనికోసం చూస్తున్నారో తెలుసా? ఇప్పుడు నేను నోరు జారితే అంతా మూతపడుతుంది."

"బానయ్య మామ గుండె ఆగింది మేడం. రాయి కింద."

ఆవిడ తెర మీది గీతల వైపు తిరిగింది.

"మొదటి నాలుగు వారాల లెక్క తీయండి," అన్నాను. "వట్టి పరుగు. బీపీ దిగింది, నిద్ర పట్టింది, నడిచారు. చప్పుడు లేకుండానే గుండెలు బాగుపడుతున్నాయి. మీ సైనికులకు కూడా అదే చాలునేమో. తొందరపడింది మనం. తొందరపెట్టింది వాళ్లు. దారి చూపించింది నేను. ఇందులో చెప్పడానికి సిగ్గుపడాల్సింది నేనైతే, మీరెందుకు దాస్తున్నారు?"

ఆవిడ సొరుగు తెరిచి, కప్పు పలుకు రికార్డు ఉన్న పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది. "నువ్వేం చేద్దామనుకుంటున్నావో నాకు తెలుసు. అది హింస," అంది.

"తెలుసు," అన్నాను.

విచారణ కమ్యూనిటీ హాల్లో పెట్టారు. భద్రతా విచారణ అధికారి ఢిల్లీ నుంచి వచ్చాడు, తెలుగువాడే. పక్కన గని మేనేజరు, కంపెనీ వకీలు. ఎదురుగా వంద, నూట ఇరవై మంది కార్మికులు, రిటైరైనవాళ్లు. మా పదకొండు మందిని ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను ముందే వచ్చి నాలుగు తలుపులూ తెరిపించాను, దారిలో ఉన్న కుర్చీలు తీయించాను. చేతికి కట్టుతో వచ్చిన మా నాన్న ఛాతీకి తీగ లేని పట్టీ కట్టి, ఏం చేయబోతున్నానో చెవిలో చెప్పాను.

"పెట్టు," అన్నాడు. మిగతా పదిమందినీ, వెనకాల వందమందినీ నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

వకీలు గంటసేపు మాట్లాడాడు. గుండె వేగం తెర మీద వేసి, కర్రతో చూపించాడు. గని అంటే ఏనుగా గుర్రమా తెలియని మనిషి కప్పు గురించి పాఠం చెబుతుంటే నా ఒళ్లు మండిపోయింది.

"ప్రమాదం పసిగట్టడంలో ఓదెలు గారిని మించినవారు లేరని కార్మికులే చెబుతారు. అలాంటి మనిషి గుండె డెబ్బై ఆరు. అంటే ఆ క్షణంలో అక్కడ వినదగ్గ శబ్దం లేదు," అని ముగించాడు.

అధికారి నా వైపు తిరిగాడు. "శిక్షకురాలు మీరేనా? ఏమైనా చెబుతారా?"

"చెప్పను సార్. వినిపిస్తాను."

మా నాన్న పట్టీని తెరకు కలిపాను. డెబ్బై నాలుగు అని పడింది. చప్పుడు పెట్టాను.

టిక్కుమంది. వెనక వరసల్లో మాటలు ఆగిపోయాయి. కిర్రుమంది. హాలంతా ఒక్కసారి లేచింది. కేక లేదు, ఏమిటని అడిగినవాడు లేడు. ఒకరి కాళ్లు చూసి ఒకరు, నాలుగు తలుపుల గుండా నూట పది మంది బయటికి పరుగు తీశారు. పెళ్లల గలగల మొదలయ్యేసరికి వెనక కుర్చీలన్నీ ఖాళీ. ఒకప్పుడు గనిలో ఒక జట్టును నడిపి రిటైరైన సర్దార్ లచ్చయ్య తాత గడప దగ్గర పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆ పాపం నాది, ఇంకెవరిదీ కాదు.

హాల్లో మిగిలింది రెండు రకాల మనుషులు. అధికారి, మేనేజరు, వకీలు, గుమాస్తాలు అయోమయంగా చూస్తూ కూర్చున్నారు. ఆ చప్పుడు ఏమిటో వాళ్లకు తెలియదు కాబట్టి లేవలేదు. ముందు వరసలో మా పదకొండు మంది కూర్చున్నారు. ఈ భూమ్మీద ఆ చప్పుడు అందరికంటే బాగా తెలిసినవాళ్లు వాళ్లే. పదకొండు మందీ చేతులు ఒళ్లో పెట్టుకొని తాపీగా ఉన్నారు. ఇద్దరి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, అయినా వాళ్లు కదల్లేదు. తెర మీద అంకె డెబ్బై నాలుగే.

"ఆపండి, ఏమిటిది," అన్నాడు మేనేజరు.

చప్పుడు ఆపి, "ఇదేనండి వినదగ్గ శబ్దం," అన్నాను. "మీ మనుషులు బయట ఉన్నారు. ఫిట్ అని మీరు ముద్ర కొట్టినవాళ్లు ఇదిగో, లోపలే ఉన్నారు. సోమవారం ఎవరిని దించుతారో దించుకోండి."

వకీలు నోరు తెరవబోతే అధికారి చేత్తో వారించాడు. తెరిచి ఉన్న తలుపులను ఒక్కొక్కటే చూశాడు. బయట చెట్ల కింద నూట పది మంది వగరుస్తూ నిలబడి ఉన్నారు. ఎవరో లచ్చయ్య తాతకు తువ్వాలు కట్టు కడుతున్నారు.

"సోమవారం వీళ్లెవరూ దిగరు," అన్నాడు మేనేజరుతో. "ఎప్పుడూ దిగరు. అది ఇప్పుడే రాసుకోండి."

డాక్టర్ నళిని గోడ వార నిలబడి ఉంది. ముందుకు వచ్చి, మొదటి నాలుగు వారాల కాగితాలు, చివరి ఎనిమిది వారాల కాగితాలు వేరు వేరుగా అధికారి బల్ల మీద పెట్టింది. అన్నీ చదవండి, ఏదీ దాచలేదు అంది.

అధికారి లేచి వచ్చి మా నాన్న ఎదుట కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఓదెలు గారూ, ఇది కప్పు చప్పుడని మీకు తెలిసింది కదా? మరి ఎందుకు లేవలేదు?"

నాన్న, లెక్క తప్పు చెప్పకూడదన్నట్టు నిదానంగా మాట్లాడాడు.

"తెలిసింది సారూ. లేవాల్నని గూడ తెలుసు. తెలుసుడు ఏరే. లోపట్నుంచి లే, ఉరుకు అని గుంజెటోడు ఒకడుండె. ఇరవై రెండేండ్లు వాడే నన్ను బయటికి తెచ్చిండు. వాణ్ని మా బిడ్డ పండవెట్టింది."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

పెన్‌డ్రైవ్ ఊడదీశాను. గుమాస్తా కలం పట్టుకొని, శిక్షణ ఇచ్చిన సంస్థ పేరు ఏం రాయమంటారని అధికారిని అడుగుతున్నాడు.

"సంస్థ పేరు తర్వాత రాసుకోండి," అన్నాను. "ముందు మనిషి పేరు రాయండి. ఆరెపల్లి స్వరూప. తండ్రి పేరు ఓదెలు."